పళ్లెంలో సగం చింతపండు

నిన్న ఉదయం పదకొండు దాటాక సునంద చనిపోయింది.

ఫోన్ వచ్చినప్పుడు నేను ఆమె పక్కన లేను. మధురానగర్‌లో మా ఇంట్లో, వంటింటి నేల మీద కూర్చుని ఉన్నాను. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం రైలుకి ఆమె షోలాపూర్ వెళ్లాలి. బ్యాగ్ సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. తర్వాత పళ్లెం ముందేసుకుని చింతపండు గింజలు తీయడం మొదలుపెట్టింది. సగం అయ్యాక లేచి చేతులు కడుక్కుంది.

వీపు లాగుతోందంది. చెమటలు పట్టాయి. ఆటోలో పంజాగుట్టలోని హాస్పిటల్‌కి తీసుకెళ్లాను.

ఆటోలో నా చెయ్యి పట్టుకుని ఒక్క మాటే అంది.

"ఆ చింతపండు ముట్టకుండ్రి. నేనొచ్చి తీస్త."

"ఏంటి, ఇప్పుడు కూడా అదేనా?" అన్నాను.

నవ్వింది.

ఆమె విద్యార్థులకు, నా ఆఫీసు మిత్రులకు ఈ చింతపండు గొడవ తెలియదు. చెప్తాను.

సునందది సిరిసిల్ల. నేత కుటుంబం. వలస వెళ్లిన నేతవాళ్ల మీదే ఆమె పరిశోధన అంతా. సూరత్, భివండి, షోలాపూర్, ఆర్నెల్లు ఇంగ్లండ్. ఏడాదిలో మూడు నాలుగు నెలలు బయటే.

మా పెళ్లయిన కొత్తలో మొదటిసారి మూడు నెలలకి సూరత్ వెళ్లింది. వెళ్లేముందు కిటికీ కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టి, ఒకటి కుట్టి రెండోది సగంలో వదిలేసింది. నాకు సగం పని చూస్తే చిరాకు. అమీర్‌పేటలో టైలర్‌కి ఇచ్చి పూర్తి చేయించి తగిలించాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఆ కిటికీ వైపే చూస్తూ నిలబడింది.

"మంచిగుంది ఇంజనీర్ సాబ్. నా పని సుత మీరే చేసేస్తే, ఇగ నేనెందుకొచ్చిన?"

మర్నాడు టీ తాగుతూ చెప్పింది. వాళ్ల నాన్న బట్ట నేయడం అయిపోయాక కోసి తీసినా, పోగుల చివర్లు మగ్గం మీదే ఉంచేవాడట. తర్వాతి పోగుల్ని వాటికే ఒక్కొక్కటీ అతికేవాడట. మొత్తం తీసేస్తే మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవాలి. మగ్గం బోడిగా వదిలి ఊరికి పోవద్దని ఆయన మాట. చదువుకోవడానికి ఊరు వదిలి హాస్టల్‌కి వచ్చిన రోజు నుంచీ ఆమె దాన్ని తనకు అన్వయించుకుంది. తిరిగొచ్చి అందుకోవడానికి ఏదో ఒక పని సగంలో వదలకుండా ఇల్లు దాటేది కాదు.

అప్పటినుంచి నేను ఏదీ ముట్టలేదు. సగం ఇస్త్రీ చేసిన బట్టలు, సగం సర్దిన పుస్తకాల అర, సగం నింపిన పదకేళి. ఎర్రమంజిల్ ఆఫీసు నుంచి రాగానే ముందు వాటినే చూసేవాణ్ణి. ధైర్యంగా ఉండేది.

ఆమె నోట్‌బుక్కులు రాత్రి తీశాను. ఇంగ్లండ్‌లో రాసుకున్నది:

"గది వెచ్చగా ఉంది. లైబ్రరీ బాగుంది. పని సాగుతోంది. అమీర్‌పేట హారన్లు వినపడకపోతే తెల్లారినట్టే అనిపించదు."

సూరత్‌లో రాసుకున్నది:

"చుట్టూ మా ఊరి మనుషులే. మా మాటే. అయినా ఇంటి ధ్యాస వదలదు. ఇక్కడ ఎవరిని అడిగినా ఇల్లు అంటే ఊరి పేరు చెప్తారు. నాకు మాత్రం సగం కుట్టిన కర్టెన్ గుర్తొస్తోంది."

నేను కుట్టించేసిన కర్టెనే అది.

ఇక నిన్నటి సంగతి.

యూసుఫ్‌గూడ నుంచి సునంద తమ్ముడు శ్రీధర్ హాస్పిటల్‌కి వచ్చాడు. డాక్టర్లు పాత రిపోర్టులు అడిగితే, అతన్ని అక్కడ ఉంచి నేను ఇంటికి వచ్చాను. ఫైలు దొరికింది. ఇంతలో శ్రీధర్ ఫోన్ చేశాడు. అక్కని టెస్టులకు తీసుకెళ్లారు, గంట పడుతుంది, కంగారు పడకుండా రమ్మన్నాడు.

కూర్చున్నాను. చేతులు ఊరుకోలేదు. ఎదురుగా పళ్లెం.

ఏం చేస్తున్నానో తెలియకుండానే గింజలు తీస్తూ పోయాను. చూసుకునేసరికి పళ్లెంలో ఒక్క గింజ లేదు.

అప్పుడు ఫోన్ మోగింది. వేళ్లు జిగటగా ఉన్నాయి. స్క్రీన్ మీద ఎంత జరిపినా కాల్ ఎత్తలేకపోయాను. రెండోసారి ఎత్తాను.

"బావా, జల్ది రా" అన్నాడు శ్రీధర్.

చేతులైనా కడుక్కోకుండా ఫైలు తీసుకుని బయల్దేరాను.

చింతపండుకీ గుండెకీ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా సాయంత్రం పంజాగుట్ట శ్మశానం నుంచి వస్తూ శ్రీధర్‌కి చెప్పాను.

"అక్క గదంత నవ్వుకుంటనే చెప్పేది బావా. మనసుల పెట్టుకోకు."

పెట్టుకున్నాను.

సునంద చివరి వ్యాసం టేబుల్ మీద ఉంది. మూడో పేజీలో వాక్యం మధ్యలో ఆగింది. పూర్తి చేసి అచ్చు వేయిస్తామని ఈ ఉదయం ఆమె విద్యార్థుల్లో ఒకమ్మాయి అంది. తీసుకెళ్లమ్మా, కానీ ఒక్క మాట కూడా కలపొద్దు, ఆగిన చోటే ఆపి వేయండి అన్నాను.

సునందా, చాలా తిరిగావు. ఇక నిమ్మళంగా ఉండు.

రేపు మూడో రోజు. అస్థికలు తీసుకురావాలి. శ్రీధర్ ఏడింటికి వస్తానన్నాడు.

మొన్నామధ్య ఊరినుంచి అతను తెచ్చిన మూటలో చింతపండు ఇంకా ఉంది. రేపు ఉదయం ఆరింటికి లేచి పళ్లెంలో కొంచెం పోస్తాను. సగానికి గింజలు తీస్తాను. చేతులు కడుక్కుని, మిగతా సగం అలాగే ఉంచి, తలుపు తాళం వేసి బయల్దేరతాను.