గడ్డం కింద పుట్టుమచ్చ

మా టేపక్క మనిషిని కంటితో చూడకుండానే కొలతలు తీసేది. పోలీసు కంట్రోల్ రూంలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుని, ఎక్కడో వీధిలో తల పగిలి ఏడుస్తున్న మనిషితో మాట్లాడుతూ, ఆ తల పగలగొట్టినవాడి భుజం వెడల్పెంతో కాగితం మీద వేసేది. ఇరవై రెండేళ్ళు అదే ఉద్యోగం. వాళ్ళ నాన్న దర్జీ కాబట్టి ఆ పేరు పడింది. ఆవిడ ఆనవాళ్ళు చెబుతుంటే జీపుల్లో ఉన్న మాకు ఆ మనిషి ఎదురుగా నిలబడినట్టే ఉండేది. ఆవిడ చెప్పేది, మేం వెతికి పట్టుకుని కొట్టేవాళ్ళం. ఇందులో దాచడానికేమీ లేదు.

నేను ఏడో నంబరు జీపు డ్రైవర్ని. పదమూడేళ్ళు ఆవిడ గొంతు వింటూ బండి నడిపాను. కట్టుకున్నదాని మాటకన్నా ఆ గొంతుకే ఎక్కువ లొంగుతానని మా ఆవిడ దెప్పేది. నిజమే. వంటింట్లోంచి పిలిస్తే వినపడనట్టు నటించేవాణ్ణి కానీ, వైర్‌లెస్‌లో అక్క "ఏడో బండీ" అంటే నిద్రలో కూడా లేచి కూర్చునేవాణ్ణి.

ఆవిడకు ముందు ఆ కుర్చీలో ఒక ముసలాయన ఉండేవాడట. మంచివాడే గానీ నోటికి మొదట ఏది వస్తే అది చెప్పేవాడు. అక్క కొత్తగా చేరిన రోజుల్లో ఒకసారి బ్యాంకు దగ్గర ఎవడో ఒకణ్ణి నరికి పారిపోయాడు. ఆయన మైకు తీసుకుని "ఎర్ర చొక్కా" అన్నాడు. అంతే, మిగతాది ఎవరూ వినలేదు. ఆ రోజు సాయంత్రానికి ఎర్ర చొక్కా వేసుకున్నవాళ్ళు పదకొండుమంది తన్నులు తిన్నారు. ఒకడికి దవడ విరిగింది, ఒకడికి మోచెయ్యి. పదకొండోవాడు దెబ్బ దెబ్బకీ "ఎరుపు కాదు సార్, ఇది మెరూన్ సార్" అని మొత్తుకున్నాడట. అసలువాడు మొదటి మలుపులోనే చొక్కా విప్పి కాలవలో పడేసి, బనీను మీద దర్జాగా నడుచుకుంటూ పోయాడు.

ఆ రోజు నుంచి అక్క తనకంటూ ఒక పద్ధతి పెట్టుకుంది. ముందు చూసిందెవరో చెప్పాలి. తర్వాత తల నుంచి కాళ్ళ దాకా, మనిషి విప్పి పారేయలేనివి చెప్పాలి: ఎత్తు, నడక, మచ్చలు, వంకర పళ్ళు. బట్టలు ఆఖరున. విన్న బండి డ్రైవరు దాన్ని మళ్ళీ అప్పజెప్పాలి. తప్పు చదివామో, బడిపిల్లల్ని నిలబెట్టినట్టు నిలబెట్టి మళ్ళీ చదివించేది. ఇన్‌స్పెక్టర్లకైనా అదే మర్యాద.

ఒకసారి టీ తాగుతూ అడిగాను, ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావక్కా అని.

"మా నాన్న కొట్లో," అంది. "ఆయన నిలబెట్టి కొలతలు తీసేవాడు. నేను కింద కూర్చుని ప్యాంట్ల అంచులు కుట్టేదాన్ని. ఊళ్ళో మగాళ్ళందర్నీ కింది నుంచి చూసి పెరిగాను తమ్ముడూ. ముక్కు రంధ్రాలు, గడ్డం కింద గీసుకోవడం మర్చిపోయిన వెంట్రుకలు. ఇప్పటికీ వీధిలో ఎవరైనా పలకరిస్తే వెంటనే పోల్చుకోలేను. తల పైకెత్తండి, అప్పుడు చెబుతాను అనాలనిపిస్తుంది."

ఆ రోజు నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాను.

మా బావమరిదిని పొడిచింది మిట్టమధ్యాహ్నం, గోదాముల వెనక సందులో. వాడు కానిస్టేబులు. ఒక్కడే గస్తీ తిరుగుతూ, షట్టరు తాళం విరగ్గొడుతున్న ఒకణ్ణి "ఎవడ్రా నువ్వు?" అన్నాడు. వాడు గిరుక్కున తిరిగి కత్తితో పొట్టలో రెండు పోట్లు పొడిచి పారిపోయాడు. కిందపడిన మా వాడి చేతిలో వాకీటాకీ ఉంది. నలభై జీపుల్లోనూ వాడి గొంతు వినిపించింది.

"పొడిచాడక్కా... పొట్టలో పొడిచాడు..."

వాడు నా పెళ్ళాం తమ్ముడు. మా ఇంట్లో తిని, మా ఇంట్లో పడుకుని పెరిగినవాడు. నేనే వాడికి డ్రైవింగ్ నేర్పాను. ఆ గొంతు వినగానే బండి నడిరోడ్డు మీద ఆపేశాను. పక్క సీట్లో ఉన్న ఇన్‌స్పెక్టరు గారు "నడుపు, ఎటో ఒకవైపు నడుపు" అని అరిచారు.

"నిద్రపోకు తమ్ముడూ, ఆస్పత్రి వ్యాను వస్తోంది, నాతో మాట్లాడు," అంటోంది అక్క. "మనిషెలా ఉన్నాడు? తల నుంచి చెప్పు."

వాడు చెప్పాడు. ఒక్కో మాటకీ ఊపిరి ఎగబీలుస్తూ చెప్పాడు. బట్టతల. కళ్ళద్దాలు, ఎడమ కాడకి దారం చుట్టి ఉంది. గడ్డం కింద పుట్టుమచ్చ, కందిగింజంత. నీలం చొక్కా, రెండో గుండీ లేదు, చొక్కా నిండా రక్తం. ఆ తర్వాత గొంతు ఆగిపోయింది. అక్క అన్ని బండ్లకీ ఆనవాళ్ళు పంపింది. నేను పళ్ళు నూరుకుంటూ అప్పజెప్పాను. ఒక్క ముక్క కూడా తప్పుపోలేదు.

ఎనిమిది నిమిషాల్లో దొరికాడు. బస్సుల షెడ్డు వెనక కుళాయి దగ్గర వంగి చొక్కా పిండుకుంటున్నాడు. నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. యాభై ఏళ్ళుంటాయి, బక్కమనిషి. నేను ఇంజను ఆపకుండానే దూకి చెంప మీద ఒక్కటిచ్చాను. కళ్ళద్దాలు ఎగిరి గోడకి తగిలి పగిలిపోయాయి. ఇన్‌స్పెక్టరు గారు జేబులు తడిమితే సన్నటి ఆకురాయి ఒకటి దొరికింది. తర్వాత లాఠీ కొన గడ్డం కింద పెట్టి తల పైకెత్తారు. మచ్చ ఉంది.

"కంట్రోల్‌కి చెప్పు," అన్నారు.

"అక్కా, మచ్చ ఉంది. దొరికాడు," అని చెప్పి మైకు పడేశాను.

ఆ తర్వాత జరిగింది కొట్టడం అంటే చిన్న మాట. ఇన్‌స్పెక్టరు గారు మోకాళ్ళ మీద కొట్టారు, నేను పక్కటెముకల మీద తన్నాను. లోపల ఏదో పుటుక్కుమనడం నా బూటుకి తెలిసింది. "నేను కాదు బాబూ, నేను కాదు," అన్నాడు. అందరూ అనే మాటే కదా. మూతి మీద గుద్దితే పన్ను విరిగి నా పిడికిలిలో దిగింది. ఆ నొప్పికి నాకింకా కసి పెరిగింది. కుళాయి అలా పోతూనే ఉంది. కోపం చల్లారే దాకా కొట్టాలని కాదు, వాణ్ణి చంపాలనే ఉంది నాకు. చేతులు చాలక వీల్ స్పానర్ కోసం జీపు దగ్గరికి వెళ్ళాను.

కంట్రోల్ రూంలో అప్పుడు అక్క ఏం చేస్తోందో తర్వాత చెప్పింది. దొరికాడని వినగానే ఆ గదిలో అందరూ చప్పట్లు కొట్టారట. ఆవిడ మాత్రం తను రాసుకున్న కాగితం చూస్తూ ఉండిపోయింది. ఆనవాళ్ళు మరీ బాగున్నాయి. కత్తిపోటు తిన్నవాడు ఎప్పుడూ కత్తి గురించే చెబుతాడు. ముఖం అడిగితే నీళ్ళు నములుతాడు. వీడు గుండీ లేదని కూడా చెప్పాడు. ఇక ఆ మచ్చ. గడ్డం కింద కందిగింజంత మచ్చ ఎదురుగా నిలబడ్డవాడికి కనపడదు. కిందున్నవాడికి కనపడుతుంది. చిన్నప్పుడు నేల మీద కూర్చుని ఆవిడ చూసిందంతా అదే కదా. అంటే మా వాడు వెల్లకిలా పడి ఉన్నాడు, వాడి తల ఎవరి ఒళ్ళోనో ఉంది. పొడిచి పారిపోయేవాడు తల ఒళ్ళో పెట్టుకోడు. "మనిషెలా ఉన్నాడు?" అని తను అడిగింది, వాడు కళ్ళ ముందున్న మనిషి గురించి చెప్పాడు. వెంటనే మైకు అందుకుందట.

నేను జీపు తలుపు తీసేసరికి వైర్‌లెస్ మాట్లాడుతోంది. "ఏడో బండీ, కొట్టడం ఆపండి. మచ్చ ఉన్నవాడు పొడిచినవాడు కాదు. ఏడో బండీ, ఆపండి."

నేను గొంతు తగ్గించే నాబ్ తిప్పాను. స్పానర్ తీసుకుని వెనక్కి వెళ్ళాను.

అప్పటికి ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఎందుకు తిప్పానని ఇప్పుడు అడిగితే, విన్నాను కాబట్టే తిప్పాను. ఇంకో మాట వింటే ఆగాల్సి వస్తుంది.

నాలుగు నిమిషాల తర్వాత మూడో బండి డ్రైవరు వచ్చి నా నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. "కంట్రోల్ గొంతు చించుకుంటోంది, వినపడట్లేదా నీకు?" అన్నాడు. నా జీపులోకి వంగి నాబ్ పెంచాడు. "ఎవడు తగ్గించాడు దీన్ని?" అన్నాడు. అక్క అన్ని బండ్లూ వినేలా మొత్తం చెబుతోంది, తప్పు నాది, తప్పుగా అడిగింది నేను, అని. ఇన్‌స్పెక్టరు గారి చేతిలోంచి లాఠీ జారింది. ఆ మనిషి ఎడమ కన్ను ఉండాల్సిన చోట నాకు ఏమీ కనపడలేదు. కింద కూర్చుని ఆ తల ఒళ్ళోకి తీసుకుని, నా చొక్కా విప్పి అదిమిపట్టాను. వ్యాను వచ్చేదాకా అలాగే ఉన్నాను.

అతను తాళాలు బాగుచేసే మనిషి. ఆకురాయి అతని పనిముట్టు. సందులో అరుపు విని పరిగెత్తుకొచ్చి, మా వాడి తల ఒళ్ళో పెట్టుకుని, తువ్వాలుతో పొట్ట అదిమిపట్టాడు. సైరను వినపడగానే పోలీసులంటే భయమేసి తప్పుకున్నాడు. ఆ తువ్వాలే లేకపోతే మీవాడు దక్కేవాడు కాదని డాక్టరు మా ఆవిడతో చెప్పాడు. మూడో రోజు మా బావమరిది కళ్ళు తెరిచి మొదట అడిగిన మాట, "బావా, నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకున్నాయన ఎక్కడ?" అని. పొడిచినవాడి సంగతి అడిగితే కత్తి పిడికి పసుపు టేపు చుట్టి ఉందన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేకపోయాడు. తాళాల మనిషి అదే ఆస్పత్రిలో రెండు వార్డుల అవతల ఉన్నాడు. వాడి దుప్పటి సర్ది బయటికొచ్చేశాను.

ఇన్‌స్పెక్టరు గారు రిపోర్టు రాసేశారు. జనం కొట్టారనీ, మేం వెళ్ళి విడిపించామనీ. "నువ్వు నోరు మూసుకుని ఉంటే చాలు," అన్నారు నాతో. విచారణకు పైనుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆనవాళ్ళు రాబట్టడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరని టేపక్కని ఆస్పత్రికి వెంటబెట్టుకొచ్చాడు. నేను వార్డు బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాను. తలుపు ఓరగా తెరిచే ఉంది. తాళాల మనిషి నన్ను గుర్తుపడతాడేమోనని కాదు, గుర్తుపట్టాలనే ఆశ పడుతున్నానేమోనని భయంగా ఉంది.

"మనిషెలా ఉన్నాడని అడగను," అంది అక్క. "ఏం చేశాడో ముందు చెప్పు అన్నయ్యా."

"కొట్టినవాళ్ళు కనపడలేదమ్మా. కళ్ళద్దాలు మొదటి దెబ్బకే పోయాయి. అవి లేకపోతే నాకు మూరెడు దూరం దాటితే అంతా మసకే. గుంపు కొట్టిందో, ఎవరు కొట్టారో." కాసేపు దగ్గాడు. "ఒకాయన మాత్రం కనపడ్డాడు. నా తల ఒళ్ళో పెట్టుకున్నాడు. గడ్డం కింద గీసుకునేటప్పుడు తెగిన గాటుంది. ఏడుస్తున్నాడు పాపం. ఆయన ఎవరో కనుక్కుని, మంచివాడని రాసుకోమ్మా."

ఆఫీసరు ఫైలు మూసి టీకి వెళ్ళిపోయాడు. ఆయన పని అయిపోయింది. అక్క వరండాలోకి వచ్చి నా ఎదురుగా నిలబడింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"తల పైకెత్తు," అంది.

ఎత్తాను. వంగి చూసింది. గాటు ఇంకా మానలేదు.

"మంచివాడని రాసుకోమన్నాడు. రాశాను," అంది. నా పక్కన కూర్చుంది. "తప్పుగా అడిగింది నేను. అది నా మెడకే ఉంటుంది, నీ మీద రుద్దను. ఒక్కటి అడుగుతాను. నేను మొదటిసారి ఆపమన్నప్పుడు అతని కన్ను ఉందా?"

"ఉందక్కా."

"నీకు వినిపించిందా?"

పదమూడేళ్ళలో ఆ గొంతు అడిగితే అబద్ధం చెప్పింది లేదు. "వినిపించింది. నాబ్ నేనే తిప్పాను," అన్నాను.

అక్క నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఒక తెల్లకాగితం, పెన్నూ నా ఒళ్ళో పెట్టింది. "పద్ధతి తెలుసుగా. చూసిందెవరో ముందు రాయి. తర్వాత చేసిన పని. తర్వాత తల నుంచి కాళ్ళ దాకా. బట్టలు ఆఖరున."

రాశాను. చూసింది, నేను. చేసిన పని, ఆపమన్న మాట విని కూడా నాబ్ తిప్పి, స్పానర్‌తో కొట్టడం. ఎత్తు అయిదడుగుల పది. గడ్డం కింద గాటు. కుడి పిడికిలి మీద పంటి గాయం. బట్టలు, పోలీసు యూనిఫాం. రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాయాల్సి వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారి ఆనవాళ్ళు కూడా రాశాను.

దాంతో నాదీ, ఇన్‌స్పెక్టరు గారిదీ, ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. జైలు నుంచి వచ్చాక ఇప్పుడు సరుకుల వ్యాను నడుపుతున్నాను. బావమరిది మా గడప తొక్కడు. అక్కని కంట్రోల్ రూం నుంచి తీసేసి యూనిఫాంలు ఇచ్చే స్టోర్సులో వేశారు; ఆవిడ స్థానంలో కూర్చున్నవాళ్ళు ఇప్పుడు "ఏం చేశాడు?" అని ముందు అడుగుతున్నారని విన్నాను.

ఆ రోజు నేను కాగితం ఇవ్వబోతే అక్క తీసుకోలేదు. వార్డు తలుపు పూర్తిగా తెరిచి, లోపల మంచం మీద ఒక్క కన్నుతో పైకప్పు చూస్తున్న మనిషి వైపు చెయ్యి చూపించింది.

"అతనికి వినపడేలా అప్పజెప్పు," అంది.

నేను మంచం దగ్గరికి వెళ్ళి, మూరెడు దూరంలోకి వంగి, మొదటి నుంచి చదివాను.