బావ నెట్‌వర్కింగ్ చదువు

మా అక్క భర్త, మా బావ, పోయిన సోమవారం తెల్లవారుజామున పోయాడు. ఊపిరితిత్తులు చెడిపోయాయి. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో చేసిన మనిషి మందు దొరక్క పోలేదు, ఆ మందులు తయారయ్యే చోటి గాలి పీల్చి పోయాడు. ఈ మాట కాస్త మెత్తగా రాయమన్నారు ఇంట్లోవాళ్లు. నాకు చేతకాదు.

కొన్నేళ్ల కింద నేను బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో కౌంటర్ చూసుకునేదాన్ని. అప్పటికే డాక్టరు బావను ప్లాంటు పని మానెయ్యమన్నాడు. మానేస్తే ఇల్లు గడవదు. ఫ్యాక్టరీ ఆఫీసులోకి కొత్తగా కంప్యూటర్లు వచ్చాయి, వాటి నెట్‌వర్క్ చూసుకునే మనిషి కావాలన్నారు. అందుకని ఆన్‌లైన్లో ఒక చిన్న కోర్సులో చేరాడు. ఆఫీసు గదిలో గాలి బాగుంటుంది, ఆయన ఆశ అంతవరకే.

షిఫ్టు దిగి నేరుగా మా సెంటరుకే వచ్చేవాడు. ఒళ్లంతా కెమికల్ వాసన. పక్క సీట్లో కుర్రాళ్లు ముక్కు మూసుకుని లేచిపోయేవాళ్లు. "మంచిగైంది పిల్లా, జాగ దొరికింది" అని చేతులు బార్లా చాపుకునేవాడు. ఇంగ్లిష్ పాఠాలు నేను చదివి చెప్పేదాన్ని. ప్రతి కంప్యూటరుకూ ఒక చిరునామా ఉంటుందంటే, "గట్లనా? మన బస్తీల ఇండ్లకే నంబర్లు లేకపాయె" అన్నాడు. ఒక కంప్యూటరు ఇంకోదాన్ని పలకరించి జవాబు వస్తుందో లేదో చూసే పద్ధతి ఆయనకు తెగ నచ్చింది. "యాడనో ఉన్నది గూడ అడిగితె పలుకుతుంది సూడు. మా సూపర్‌వైజరు పక్కనుండి పలుకడు." నన్ను టీచరమ్మా అని పిలిచిన మనిషి ఆయనొక్కడే. అది తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

కోర్సు పాసయ్యాడు, ఆఫీసు గదిలో వేశారు. దగ్గు తగ్గింది. పనిలో మిగిలిన నీలం తీగ ముక్క తెచ్చి అక్క బట్టలారేసుకోవడానికి వాకిట్లో కట్టాడు. "ఏది ఆగినా ముందుగాల తీగ సూడాలె, మనిషిని తిట్టుడు తర్వాత" అనేవాడు. ఆయన పైవాళ్లు ఆ పాఠం చదవలేదు.

దసరాకు ఫ్యాక్టరీలో ప్రతి యంత్రానికీ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడతారు. కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే డబ్బాకు బావ ప్లాస్టిక్ కవరు తొడిగాడు. మేనేజరు చూసి, "దానికి ముసుగేంటయ్యా? పూజ కవరుకి చేస్తామా? తియ్యి" అన్నాడు.

"లోపలికి నీళ్లు పోతయ్ సార్. కరెంటన్న బంద్ చేస్త, జెర ఆగుర్రి."

ఆగలేదు. కుంకుమ రంధ్రాల్లోకి పోయింది, కొబ్బరినీళ్లు నెత్తిన పడ్డాయి. అందరూ దండం పెట్టుకున్నారు. బావా పెట్టుకున్నాడు, పెట్టకపోతే అదో గొడవ.

డబ్బా కాలిపోయింది. బావ అజాగ్రత్త వల్లేనని రాసి ఆయన్ని తిరిగి ప్లాంటుకి తోలేశారు. కొత్త డబ్బా వచ్చింది గానీ కొత్త మనిషి రాలేదు. నెట్‌వర్క్ ఆగినప్పుడల్లా ప్లాంటు నుంచి బావనే పిలిచేవాళ్లు, వాసనొస్తుంది చొక్కా మార్చుకుని రమ్మని మరీ. "ఎందుకు పోతవ్ బావా, రానని చెప్పు" అని కోప్పడితే, "గా గదిల జెరసేపు ఊపిరాడతది పిల్లా" అన్నాడు.

బావ పోయిన మూడో రోజు పిట్టకు ముద్ద పెట్టి వచ్చేసరికి ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి ఉన్నారు. పరామర్శకనుకుని అక్క కుర్చీలు వేయించింది. వాళ్లు కూర్చోలేదు. నెట్‌వర్క్ ఆగిపోయిందట. పాస్‌వర్డ్ ఆయనొక్కడికే తెలుసట. ఇంట్లో ఎవరికైనా చెప్పాడా అని అడిగారు.

"ఆయనకు ఊపిరాడ్తలేదని నేను మీ గేటు కాడికొచ్చి ఏడిస్తె ఒక్కలు బయటికి రాలే. ఇయ్యాల డబ్బా ఆగితె ఇద్దరొచ్చిన్రు" అంది అక్క.

వాళ్లు వెళ్లాలంటే వాకిట్లో నీలం తీగ కింద వంగి పోవాలి. దాని మీద బావ ప్లాంటు చొక్కా ఆరుతోంది. ఎవరికీ ఇవ్వనని అక్క పొద్దున్నే రెండుసార్లు ఉతికి ఆరేసింది. దాని కింద వంగినప్పుడు ఇద్దరూ ముక్కు మూసుకున్నారు.