బురుజుల లెక్క

ఇదో యుద్ధకావ్యం అని మొదలుపెట్టాలనుంది. కానీ కాదు. ఖిల్లా ఘణపూర్ కోటకు బురుజులెన్ని అన్న గొడవ.

ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో నేను జీతంలేని సంపాదకుణ్ణి. కోట వ్యాసంలో నా లెక్క రాస్తే, నేనెన్నడూ చూడని వనపర్తి సంపాదకుడు చెరిపి తన లెక్క పెట్టేవాడు. మూడోసారి నేనూ చెరిపాను. "రేపు మీ గద్వాలకే వస్తున్న. ఎదురుంగ తేల్చుకుందాం" అని రాశాడు.

తన్నులు ఖాయమనిపించింది. తోటి సంపాదకుడికి ఫోన్ చేశాను.

"దవాఖాన ముంగట కలువన్నా, ఆటో కిరాయి మిగుల్తది" అన్నాడు.

అక్కడే కలిశాం. ఆరడుగుల మనిషి, గుబురు మీసాలు. భుజమ్మీద చెయ్యి పడగానే ఆసుపత్రి గేటు వైపు జరిగాను.

"పరేషాన్ గాకు తమ్మీ. మనం లెక్కవెట్టింది చెల్లదు, రుజువుకు అచ్చయిన పుస్తకం గావాలె. మీ లైబ్రరీల ఉన్నదట, పా" అన్నాడు.

ఆ రోజు శుక్రవారం. లైబ్రరీకి సెలవు.