కళ్ళు ముందే పెట్టిన బొమ్మ

ముఖం గీసేటప్పుడు కళ్ళతోనే మొదలుపెట్టమని మద్రాసు చిత్రకళాశాలలో మా మాస్టారు చెప్పేవారు. సెలవుల్లో కోవిల్‌పట్టిలో రైలెక్కాక, ఎదుటి బల్ల మీద నిద్రపోతున్న మా చెల్లెల్ని అలాగే గీశాను, కళ్ళు తెరిచి ఉన్నట్టు.

దాని పక్కన కూర్చున్న ముసలాయన, ఊరి కాపలా దేవుడు అయ్యనారు గుళ్ళకు మట్టిగుర్రాలు చేసే కుమ్మరి. కాగితం చూసి, మా ఇంటి తెలుగులోనే అన్నాడు:

"మేము కండ్లు కడాన తెరుస్తాము తంబీ. అదీ కోడిని కోసినాకనే. నువ్వు ఏమి ఇస్తివి?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. విరుదునగర్‌లో దిగబోతూ చెల్లెలి నుదుటి మీద చెయ్యి పెట్టి, చప్పున తీసేశాడు.

"ఒళ్ళు కాలతా ఉండాది," అన్నాడు.

ఆ నెల తిరక్కముందే అమ్మ ఆ కాగితానికి పటం కట్టించి దండ వేసింది.

కాలేజీ తెరిచాక నా కొత్త బొమ్మలన్నీ తిరగేసి, "కళ్ళేవోయ్?" అన్నారు మాస్టారు.