వేడి చేసిందన్నాను

లక్డీకాపూల్‌లోని ఆ దవాఖానలో ఉన్నంతసేపూ నాకు కాలు నిలవలేదు. నంబర్లు పిలిచే అమ్మాయి దగ్గరికి పదోసారి వెళ్లి, పదోసారి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. మా బాపు మాత్రం స్కానింగ్ కవరు ఒళ్లో పెట్టుకుని, ఆబిడ్స్‌లో తను పనిచేసే చీరల దుకాణంలో గిరాకీ కోసం ఎదురుచూసినంత నిదానంగా కూర్చున్నాడు.

"జర కూసోవే బిడ్డా, నిన్ను చూస్తుంటె నాకు కళ్లు తిరుగుతున్నయ్."

బాపు మూత్రసంచిలో గడ్డ ఉంది. అది ఎంత లోతుకు పోయిందో డాక్టరు చెప్పాలి. సంచి ఉంచుతారా, తీసేస్తారా అన్నది దాని మీదే ఉంది.

ఇక నా సంగతి చెబితే మీరు తిడతారు, తిట్టండి. మూత్రసంచి క్యాన్సర్ కణాలను ల్యాబ్‌లో పెంచి, అవి ఎందుకంత ఆబగా పెరుగుతాయో చూడటమే నా ఉద్యోగం. ఏళ్ల తరబడి ఒక్క ప్రొటీన్ వెంటే పడ్డాను. కణానికి ఏం తయారు చేయాలో చెప్పే చీటీ ఆర్ఎన్ఏ. పనయ్యాక ఆ చీటీ చిరిగిపోవాలి. ఈ ప్రొటీన్ దాన్ని గట్టిగా పట్టుకుని చిరగనివ్వదు. హోటల్లో ఒకే ఆర్డరు చీటీ వంటమాస్టరు ముందు అలాగే పడి ఉంటే ప్లేట్లు వస్తూనే ఉంటాయి కదా, అలా పెరగమన్న కబురు ఆగదు, గడ్డ పెరుగుతూనే ఉంటుంది. ఆ ప్రొటీన్‌ను తగ్గించిన కణాలు నీరసించిన రోజున నేను ఎగిరి గంతేశాను. చర్మం తగిలితేనే ఆర్ఎన్ఏ పాడవుతుందని రెండేసి గ్లౌజులు వేసుకునే జాగ్రత్త నాది!

అంత జాగ్రత్తదాన్ని మొన్న ఎండాకాలంలో నాంపల్లిలోని మా ఇంట్లో ఓ ఘనకార్యం చేశాను. పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే బాపు సిగ్గుపడుతూ వచ్చి, "ఒంటికి పోతె జర ఎర్రగ వస్తుందే," అన్నాడు.

"నొప్పుందా?" అన్నాను, డబ్బా మూత మీదే ధ్యాస పెట్టి.

"లేదు."

"అయితె వేడి చేసింది. దినమంతా నిలబడుడే గాని నీళ్లు తాగుడు లేదాయె! సబ్జా గింజలు నానవెట్టుకొని తాగు."

"ఔ, గంతే అయ్యుంటది," అని చెప్పులేసుకున్నాడు.

నొప్పి లేకుండా రక్తం పడటమే ఈ జబ్బుకు మొదటి గుర్తు. నేను రాసే ప్రతి వ్యాసం మొదటి పేరాలో ఆ ముక్క ఉంటుంది. ఇంట్లో మాత్రం మా అమ్మమ్మ అనే మాటే నా నోట్లోంచి ఊడిపడింది. నా నోరు పడిపోనూ! ఆ ఎరుపు కొన్నాళ్లు మాయమై మళ్లీ కనబడేదట. నా మాట మీద నమ్మకంతో ఆయన సబ్జా నీళ్లు తాగుతూ దసరా దాకా గడిపేశాడు.

చివరికి మా నంబరు పిలిచారు. డాక్టరు స్కానింగ్ చూస్తూ, "రక్తం ఎన్నాళ్ల నుంచి పడుతోంది?" అని అడిగారు.

బాపు నా వైపు చూడకుండా, "వారం అయితుంది సార్," అన్నాడు.

నోరు మూసుకుని ఉంటే నా తప్పు ఎవరికీ తెలియదు. కానీ ఆ తప్పుడు లెక్క మీద ఆయనకు వైద్యం చేస్తారు.

"కాదు డాక్టర్. ఎండాకాలం నుంచి. నాకు అప్పుడే చెప్పిండు. వేడి అని నేనే అన్నా. నేను పనిచేసేది ఈ క్యాన్సర్ మీదనే," అనేశాను.

డాక్టరు కలం ఆపి నా వంక చూశారు. ఆయన ఏదో అనేలోపే బాపు కుర్చీలోంచి లేచి నాకు అడ్డంగా నిలబడ్డాడు.

"చిన్నపిల్ల సార్, ఏమనకుండ్రి. దానికేం తెల్వదు."