లోకల్ ఛానెల్లో కారు పందెం

ఆ రోజుల్లో మా జమ్మలమడుగులో జీపు టైరు పేలినా సరే, అంగళ్ల షట్టర్లు ముందు కిందికి దిగేవి. ఏం పేలిందని అడగడం ఆ తర్వాత. టీ తాగాలన్నా ఏ అంగడి ఎవరి వైపో తెలుసుకుని తాగేవాళ్లం. అలాంటి ఊళ్లో రెండు వైపుల ఇళ్లలోకీ భయం లేకుండా పోగలిగినవి కరెంటు, కేబుల్ టీవీ మాత్రమే. కరెంటుకు ఎలాగూ నిలకడ లేదు గనక, ఊరి శాంతిభద్రతల భారం చాలావరకూ కేబుల్ మీదే ఉండేదని ఇప్పుడనిపిస్తుంది. ఆ భారం ఒక మధ్యాహ్నం పూట వచ్చి నా నెత్తిన పడింది.

నేనప్పుడు డిగ్రీ ముగించి, ప్రొద్దుటూరులో కంప్యూటర్ కోర్సు చేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ డిష్ మామ దగ్గర పనికి చేరాను. (ఆయన నాకు మామేమీ కాదు. ఊళ్లో మొదట మిద్దె మీద డిష్ పెట్టినవాడు కాబట్టి ఊరందరికీ డిష్ మామ.) పైవీధిలో ఒక పెద్దాయన, కిందవీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. పార్టీలు వేరు, పగలు పాతవి. పైవీధి పెద్దాయన తెల్ల జీపులో, కిందవీధి పెద్దాయన ఎర్ర జీపులో తిరిగేవారు. ఆ రెండు జీపులూ ఎదురుపడకూడదని ఊరంతా కోరుకునేది. మామ ఇద్దరికీ సమానంగా వైరు లాగిన మనిషి. ఒక ఇంట్లో బొమ్మ మసకగా వస్తోందని కబురొస్తే, రెండో ఇంటికి కూడా పోయి "మీకూ మసకగానే వస్తాందా?" అని కనుక్కుని వచ్చేవాడు. మసకైనా సరే, సమానంగా ఉండాలి.

మాకొక లోకల్ ఛానెల్ ఉండేది. మధ్యాహ్నం సినిమా, సాయంత్రం పాటలు, మధ్యమధ్యలో ప్రొద్దుటూరు నగల అంగళ్ల ప్రకటనలు. అందుకోసం మామ ప్రొద్దుటూరు నుంచి ఒక కంప్యూటర్‌ను, దాని తెర మీది బొమ్మను టీవీలకు పంపే కార్డును తెచ్చాడు. మిద్దె మీది గదిలో దాన్ని బిగించింది నేనే. తెర మీద ఏముంటే అదే వైరు గుండా ఊళ్లోని ప్రతి నట్టింట్లోకీ పోతుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసిన సంగతి వేళకు గుర్తురావడం మాత్రం వేరే విద్య.

ఆ పొద్దు మామ బంధువుల పెళ్లికని పులివెందులకు బయలుదేరాడు. "సినిమా పెట్టు, గమ్మున కూసో. ఏం గెలకొద్దు," అని చెప్పి బస్సెక్కాడు. మొదటి సీడీ బాగానే ఆడింది. రెండోదాని మీద గీతలు. హీరో తల్లి శాపం పెట్టబోతూ సగం తెరిచిన నోటితో ఆగిపోయింది. పంచెతో తుడిచాను, ఉఫ్ అని ఊదాను, ఆమె నోరు మూయలేదు. సీడీ తీసేశాను. బయటికి ఏం పోతోందో చూసుకునే చిన్న టీవీ ప్రొద్దుటూరులో రిపేరుకిచ్చి ఉంది. సీడీ తీశాను గదా, ఛానెల్ ఖాళీగా ఉంటుందనుకున్నాను. పొద్దుపోవడానికి, కంప్యూటర్‌తోపాటు అంగడాయన ఊరికే ఇచ్చిన కారు పందెం ఆట తెరిచాను. ఎర్ర కారు ఎంచుకున్నాను. నాకు పోటీగా కంప్యూటర్ ఒక తెల్ల కారును దింపింది. (నాకు ఎరుపంటే ఇష్టం, అంతే. అంతకుమించి అందులో రాజకీయమేమీ లేదని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్తాను.)

కాసేపటికి ఫోన్ మోగింది.

"ఎవురప్పా ఆ ఎర్ర కారు తోల్తాండేది?" అవతలి గొంతు కిందవీధి పెద్దాయన వెంట ఉండే మీసాల మామది.

"నేనే మామా," అన్నాను, కళ్లు రోడ్డు మీదనే ఉంచి. తర్వాత తల ఎత్తాను. "నీకెట్ల తెల్సు?"

"టీవీలో వస్తాంది గదప్పా. బాగా తోల్తాండావు. పెద్దాయన గూడా సూస్తాండాడు."

"తప్పయిపోయింది మామా, ఇప్పుడే ఆపేస్తా."

"ఆపేది ల్యా. గెల్సినాక ఆపు," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

చేయి తీయకముందే మళ్లీ మోగింది. ఈసారి పైవీధి పెద్దాయన మనిషి, నల్లద్దాల అన్న. ఇంట్లో కూడా నల్లద్దాలు తీయడని ఆయనకా పేరు.

"తెల్ల కారు మాటిమాటికీ గోడకు గుద్దుకుంటాంది. ఎవురు జెప్పినారు నీకు అట్ల గుద్దియ్యమని?"

"అది నేను తోల్తాండేది కాదన్నా. దాన్ని కంప్యూటర్ తోల్తాంది."

"కంప్యూటర్ ఎవురిది?"

"డిష్ మామది."

"అట్లయితే మీ మామే తోలిస్తాండాడు," అన్నాడాయన నెమ్మదిగా. నా కంప్యూటర్ కోర్సులో ఆ తర్కం నేర్పలేదు. "ఆపొద్దు. ఏమయితాదో మేమూ సూస్తాం," అని కూడా అన్నాడు.

ఎర్ర కారు గెలిస్తే పైవీధికి కోపం. ఓడితే కిందవీధికి కోపం. ఆపేస్తే ఇద్దరికీ కోపం. రోజూ అన్నం వేళకు ఠంచనుగా పోయే కరెంటు ఆ పొద్దు మాత్రం పోయి నన్ను ఆదుకోలేదు. చివరి చుట్టులో నాకొక ఉపాయం తట్టింది: గెలుపు గీతకు ముందే ఆగి, తెల్లది వచ్చేదాకా కాచుకుని, రెండూ కలిసి గీత దాటితే సరి. ఆగాను. తెల్ల కారు వచ్చింది. కానీ అది నా మర్యాదను అర్థం చేసుకోక వెనకనుంచి గుద్దింది. రెండు కార్లూ ఒకదానికొకటి ఇరుక్కుని గోడకు ముక్కు ఆనించి, చక్రాలు తిరుగుతూ, పొగలు కక్కుతూ నిలబడిపోయాయి. ఊరి రాజకీయాన్ని అంత వివరంగా టీవీలో చూపించాలని నేను కలలో కూడా అనుకోలేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. మీసాల మామ వచ్చాడు. ఆయన వెనకే ఇంకో జత చెప్పులు. నల్లద్దాల అన్న. ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. చూసి బతికిన మూడోవాడు ఎవడైనా ఉన్నాడో లేదో నాకు తెలియదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ తెర వైపే చూస్తూ నిలబడ్డారు. మా అమ్మ మిషన్ బడిలో టీచరు. ఆమె ఆదివారం ప్రార్థనలన్నీ ఆ క్షణంలో నాకు గబగబా గుర్తొచ్చాయి.

"అన్నా, మామా," అన్నాను. "దీన్ని ఇద్దరు మనుషులు గూడా తోలొచ్చు. కంప్యూటర్‌తో పనిల్యా. మీరే తోలండి."

ఇద్దరూ ఆలోచించారు. ఉన్నది ఒకటే బెంచీ. ఇద్దరూ దాని చెరో కొసన కూర్చున్నారు. తెర రెండు ముక్కలైంది, పైన తెల్ల కారు, కింద ఎర్ర కారు.

"మాది కింద ఎందుకుండాల?" అన్నాడు మీసాల మామ.

"మీది కిందవీధే గదా మామా."

ఆయన ఒక నిమిషం చూసి, సరేలెమ్మన్నట్టు తల ఆడించాడు.

నిజం జీపులను చీకట్లో కూడా తోలగలిగిన ఆ ఇద్దరికీ కీబోర్డు లొంగలేదు. మీసాల మామ కారు బయలుదేరడమే వెనక్కి బయలుదేరింది. నల్లద్దాల అన్న కారు ఉన్నచోటే గానుగెద్దులా తిరిగింది. తెర సరిగా కనపడక ఆయన అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. మలుపు వస్తే చాలు, ఇద్దరూ ఒళ్లంతా పక్కకు వంచేవారు. అలా వంగి వంగి బెంచీ కొసలనుంచి మధ్యలోకి చేరుకున్నారు.

"బ్రేకు యాడుందప్పా దీనికి?" అన్నాడు మీసాల మామ, నన్ను కాదు, పక్కనున్న మనిషిని.

"ఆ పొడుగు మీట నొక్కు," అన్నాడు నల్లద్దాల అన్న. "జరుగు అట్ల. మూడో తరగతిలో గూడా ఇట్లే నా మీద పడ్తాంటివి."

"నువ్వు బెంచీ అంతా పర్సుకోని కూసుంటాంటివి గదా. టీచరమ్మకు చెప్పినా ఇనకపోతివి."

"ఏ టీచరమ్మ మామా? మిషన్ బడిలోనా?" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. నా మొహంలో అమ్మ ముక్కు చూశాడో, నా భయం చూశాడో, మీసాల మామకు అర్థమైంది. "నువ్వు టీచరమ్మ కొడుకువా? ముందే చెప్పేది ల్యా?" అని, ఎందుకో నవ్వాడు. అప్పుడే ఎర్ర కారు ఎదురు తిరిగి వచ్చి తెల్ల కారును ఢీకొంది. నల్లద్దాల అన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు కిటికీలోంచి వీధిలోకి పోయింది. వీధిలో టీ అంగడి దగ్గర గుంపుకట్టి టీవీ చూస్తున్న జనం నవ్వు కిటికీలోంచి మా గదిలోకి వచ్చింది.

ఇద్దరూ గీత చేరకుండానే టైమైపోయి, తెర మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు పడ్డాయి.

"ఏమని రాసింది?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"ఇద్దరూ శానా బాగా తోలినారని రాసింది," అన్నాను.

సాయంత్రం పులివెందుల బస్సు దిగిన డిష్ మామకు బస్టాండులోనే సగం కథ చెప్పేశారు. పెళ్లి పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తి వచ్చాడు. నన్ను తిట్టడానికి నోరు తెరిచి, బెంచీ మీద పక్కపక్కనే ఉన్న ఖాళీ గ్లాసులు చూసి ఆగిపోయాడు.

"ఇద్దరూ ఈడనే టీ తాగినారా?"

"తాగినారు మామా."

"ఏ అంగడిది?"

"మన మెట్ల కింద అంగడిది. ఒకే ఫ్లాస్కు."

మామ ఆ గ్లాసులు రెండూ ఎత్తి చూసి, "రేపు గూడా పెట్టు," అన్నాడు. ఇంట్లో అమ్మ అన్నం వడ్డిస్తూ నేను చెప్పిందంతా విని, "గేమ్ ఓవర్ అంటే బాగా తోలినారనా? నీకు ఇంగ్లీషు అంత బాగా నేర్పినానని నాకు తెలీదురా," అంది. కానీ ఆ ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారా అని మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుంది.

ఆ ఎండాకాలమంతా మధ్యాహ్నం పూట కారు పందెం నడిచింది. దాంతో ఊళ్లో పగలు తీరిపోయాయని నేను చెప్పను. ఎలక్షన్లు దగ్గరపడ్డాయి, షట్టర్లు మళ్లీ దిగాయి, మామ ఆట తీసేసి భక్తి పాటలు పెట్టాడు. నాకు ఉద్యోగమొచ్చి ఊరు విడిచాను.

మొన్నామధ్య ప్రొద్దుటూరు బస్టాండులో చీనీకాయల (అంటే బత్తాయిల) బస్తా మీద కూర్చున్న ఒక ముసలాయన నన్ను పిలిచాడు. మీసం తెల్లబడింది గానీ మీసాల మామే. పులివెందుల దగ్గర కూతురి తోటలో ఉంటున్నానన్నాడు. నల్లద్దాల అన్న సంగతి అడిగితే, మోకాళ్లు పట్టేసి ఇంట్లోనే ఉంటున్నాడని, అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడని చెప్పాడు. బస్సు వచ్చింది. ఎక్కబోతున్న నా చేయి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు:

"ఆ పొద్దు నేనే గదప్పా గెలిచింది?"

"నువ్వే మామా," అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా.

ఆయన తృప్తిగా నా చేతిలో రెండు చీనీకాయలు పెట్టాడు. బస్సు మైదుకూరు రోడ్డు ఎక్కేదాకా నాకు నవ్వు ఆగలేదు. నల్లద్దాల అన్న ఎదురై అడిగినా నేను "నువ్వే అన్నా" అనే చెప్పేవాణ్ణి. ఒకరే గెలిచారనే మాట అనాల్సి రాకూడదని గీత ముందు కారు ఆపుకున్న అప్పటి కుర్రవాడు మాత్రం కాయ వలుస్తున్నంతసేపూ నా పక్క సీట్లోనే కూర్చున్నట్టనిపించింది.