గద్ద కింద సున్నా

మా మనవరాలు పాత నాణేలు పోగుచేస్తుంది. మొన్న మా ఫ్లాట్‌లో ట్రంకుపెట్టె తెరిచి, అడుగున గుడ్డలో చుట్టి దాచిన మా నాయనమ్మ నాణెం బయటికి తీసింది. అమెరికా బంగారం. ఒక వైపు గద్ద, దాని కింద చిన్న గుండ్రం. చూడగానే మళ్లీ లోపల పెట్టెయ్యమన్నాను.

రేవులో మూటలు మోసే మా తాత ఒక నావికుడి దగ్గర కొని, నాయనమ్మ మెడకు కట్టించిన నాణెం అది. నా చిన్నప్పుడు అక్క చెవిదుద్దుల కోసం నాన్న దాన్ని కరిగించబోయాడు. నాయనమ్మ కాదనలేక వెంట వచ్చింది. కంసాలి కుంపటి ఊదుతుంటే, కొత్తగా అంకెలు నేర్చిన నేను అరిచాను.

“నాయనమ్మా, దీని మీద సున్నా ఉంది!”

నాయనమ్మ చటుక్కున నాణెం లాక్కుని నాన్న మీద విరుచుకుపడింది. “ఇన్నావేటిరా? సున్నా ఉన్న బంగారం కరిగిస్తే మన కొంప సున్నా అయిపోద్ది! నడండి ఇంటికి.”

దారంతా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకునే నడిచింది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని హడలిపోయాను. ఆ తరువాత ఇంట్లో ఏ నష్టం జరిగినా ఆ సున్నా పనేనని నమ్మాను. మొన్న ఇదంతా మనవరాలికి చెప్పాను.

“సున్నా ఏటి తాతా! అది ఇంగ్లీసు ఓ. న్యూ ఆర్లియన్స్‌లో అప్పట్లో శాఖ టంకశాల ఉండేది, దాని గుర్తు. ఇలాంటివి ఇప్పుడు దొరకవు,” అంది మనవరాలు.

నాకు ఒళ్లు మండింది. బడికి పోకుండానే ఇంగ్లీషు పేపర్లు చదవడం నేర్చినవాణ్ణి, ఒక్క అక్షరానికి ఇంత ముసలితనం దాకా వణికానా! ఆ మంట చల్లారాక గుండెల మీది బరువు దిగింది. మనవరాలిని ఆ నాణెం మెడలో వేసుకోమన్నాను.

నాయనమ్మకు ఓ రాదు, సున్నా రాదు. ఆ రోజు కొంగు చాటున ఆమె ఏడవలేదు.